బావది స్పీడు, నాది ఫీలు: ఇంతకీ ఎవరు గొప్ప?

ప్రశ్న: మాది కాకినాడ. ఉద్యోగం చేసుకుంటూ ఈమధ్యే గిటార్ నేర్చుకుంటున్నాను. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ అంటే నాకు ప్రాణం. మా బావ, అంటే అక్క భర్త, కాలేజీ రోజుల నుంచీ గిటార్ వాయిస్తారు. ఆయన దృష్టిలో వాన్ హేలెన్ బ్యాండ్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ తర్వాతే ఎవరైనా. మొన్న మా మేనల్లుడి అన్నప్రాశన రోజు భోజనాల దగ్గర మళ్ళీ ఇదే గొడవ. 'వేళ్ళు తిరగనివాళ్ళకి స్లో సోలోలే గొప్పగా కనిపిస్తాయిలే' అని బావ అందరి ముందూ అన్నారు. నాకు ఒళ్ళు మండి, 'మీ ఎడ్డీది సంగీతం కాదు, టైపు హయ్యర్ పరీక్ష' అనేశాను. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. అక్కకి ఇద్దరి మీదా కోపం. అసలు రాక్ గిటార్‌లో అందరికన్నా గొప్ప ఎవరో మీరే తేల్చి చెప్పండి. బావ నోరు మూయించాలంటే, రెండు చేతుల వేళ్ళతోనూ గిటార్ మెడ మీద తీగల్ని కొట్టి వాయించే ఆ ట్యాపింగ్ నేను కూడా నేర్చేసుకోవాలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: తేల్చమన్నారు కాబట్టి నాన్చకుండా చెప్పేస్తాను. మీరు పోటీ పెట్టిన ఇద్దరిలో నా ఓటు మీ బావగారి ఎడ్డీకే. అందరిలోకీ ఎవరంటే జిమీ హెండ్రిక్స్. ఇది చదివి పేజీ తిప్పెయ్యకండి, బావగారు గెలిచారని నేననలేదు. ఎడ్డీ ఎందుకు గొప్పో ఆయన చెప్పే కారణం తప్పు. గిల్మోర్‌ని మీరు వెనకేసుకొచ్చే తీరూ తప్పే. ఇద్దరూ సోలో దగ్గరే, అంటే పాట మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చే ఆ ముక్క దగ్గరే, చతికిలబడ్డారు. నాలుగు నిమిషాల పాటలో సోలో ఉండేది అర నిమిషమో, ముప్పావు నిమిషమో. మిగతా సేపంతా ఆ గిటారిస్టు ఏం చేస్తున్నాడు? మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. బావగారి వాదనలోనూ ఉండి ఉండదు.

మీ ఇద్దరికీ తెలిసిన పాటే తీసుకుందాం. మైకేల్ జాక్సన్ 'బీట్ ఇట్', 1982లో వచ్చిన 'థ్రిల్లర్' ఆల్బంలోది. అందులో సోలో వాయించింది ఎడ్డీ వాన్ హేలెన్, అదీ పైసా తీసుకోకుండా. స్టూడియోకి వెళ్ళి, సోలో వచ్చే చోట పాట అల్లికని కాస్త మార్పించి మరీ వాయించాడు. బావగారు ఈ కథ మీకు ఈపాటికి చాలాసార్లే చెప్పి ఉంటారు. సరే, ఇప్పుడా పాటని ఒకసారి నోటితో అనండి. సోలో రాదు. మొదట్లో వచ్చి మళ్ళీ మళ్ళీ తిరిగే ఆ గిటార్ ముక్క, రిఫ్ అంటారే, అది వస్తుంది. అది వాయించింది టోటో బ్యాండ్ గిటారిస్టు స్టీవ్ లుకాథర్. బేస్ గిటారూ ఆయనదే. జనం పేరు చెప్పుకునేది ఒకరిది, కూనిరాగం తీసేది ఇంకొకరిది. ఈ ఇద్దరిలో ఎవరు గొప్పో అక్క పెట్టిన కాఫీ చల్లారేలోపు తేల్చమని బావగారిని అడగండి చూద్దాం.

పత్రికల జాబితాలు తెచ్చి ఒకరి మొహాన ఒకరు కొట్టుకునే దశ మీకూ వచ్చే ఉంటుంది. అవి ఎంత నమ్మకస్తులో చూడండి. 'రోలింగ్ స్టోన్' పత్రిక 2003లో 100 మంది గొప్ప గిటారిస్టుల జాబితా వేసింది. అందులో మీ బావగారి ఎడ్డీ 70వ వాడు. మీ గిల్మోర్ 82. మీరిద్దరూ అప్పుడే కొట్టుకుని ఉంటే, మిగతా లోకం మిమ్మల్ని వింతగా చూసేది. అదే పత్రిక 2011లో మళ్ళీ వేస్తే ఎడ్డీ 8కి, గిల్మోర్ 14కి ఎగబాకారు. 2023లో ఈసారి 250 మందితో వేశారు, ఎడ్డీ 4. మరి ఈ ఇరవై ఏళ్ళలో ఎడ్డీ కొత్తగా సాధించిందేమిటి? పెద్దగా ఏమీ లేదు. అతని అసలు పనంతా 1978 నుంచి 1980ల చివరి దాకా ఎప్పుడో అయిపోయింది. 2020 అక్టోబరులో అతను పోయాడు కూడా. వాయింపు మారలేదు, ఓటు వేసేవాళ్ళు మారారు. మొదటిసారి దాదాపు ఒక్క విమర్శకుడి అభిరుచి, 2011లో గిటారిస్టులని కూర్చోబెట్టి ఓట్లు వేయించారు. పాటల గురించి రాసే విమర్శకుడికీ, వేళ్ళు చూసే గిటారిస్టుకీ కొలతలు ఒకటే ఎందుకవుతాయి?

సిస్టర్ రొజెటా థార్ప్ సంగతి ఇంకా విచిత్రం. 2003లోనూ 2011లోనూ ఆమె పేరు ఎక్కడా లేదు. 2023లో ఏకంగా 6. చర్చిలో దేవుడి పాటలు పాడుతూ, ఎలక్ట్రిక్ గిటార్‌ని రాక్ అనే మాట పుట్టకముందే గర్జింపజేసిన నల్లజాతి ఆడమనిషి ఆమె. 1964లో మాంచెస్టర్‌లో, మూతపడిన ఒక రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, వాన తుంపరలో ఖరీదైన కోటు వేసుకుని, తెల్ల గిటార్ తగిలించుకుని వాయించిన వీడియో ఉంది. టీవీ కోసం తీశారు. ఎదుటి ప్లాట్‌ఫారం మీద కూర్చుని కుర్రకారంతా నోళ్ళు తెరుచుకుని చూశారు. ముందు అది చూడండి. తర్వాత జాబితాల గురించి మాట్లాడుకుందాం.

ఇక మీ టైపు హయ్యర్ మాటకొద్దాం. నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. అయితే అన్యాయం. బావగారు మీకు వినిపించింది 'ఎరప్షన్' అయ్యుంటుంది. 1978, వాన్ హేలెన్ బ్యాండ్ మొదటి ఆల్బం, మొత్తం కలిపి 1 నిమిషం 42 సెకన్లు. కుడిచేతి వేలిని కూడా ఫ్రెట్‌ల (గిటార్ మెడ మీది మెట్ల) మీదకి తెచ్చి కొట్టడం, లాగడం, ఆ సాగిపోయే స్వరాల జడివాన... మొదటిసారి విన్నవాళ్ళు కీబోర్డేమో అనుకున్నా తప్పులేదు. బావగారు ఒకటి దాటేస్తున్నారు. ట్యాపింగ్ ఎడ్డీ కనిపెట్టింది కాదు. జెనెసిస్ బ్యాండ్‌లో స్టీవ్ హాకెట్ 1971 రికార్డులోనే చేశాడు. ఎడ్డీ ఘనత వేరే చోట ఉంది. ఆ రోజుల్లో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్‌కి, స్వరాన్ని పైకీ కిందకీ ఊపే కడ్డీ, వామీ బార్ ఉండేది గానీ శబ్దం పల్చన. గిబ్సన్ కంపెనీ గిటార్లకి బండ శబ్దం ఉండేది గానీ చాలావాటికి ఆ బార్ ఉండేది కాదు. ఎడ్డీ చవగ్గా దొరికిన ఒక స్ట్రాట్ తరహా బాడీ తెచ్చి, దాన్ని తొలిచి గిబ్సన్ పికప్ (తీగ మోతని పట్టి యాంప్లిఫయర్‌కి అందించే భాగం) బిగించి, టేపు అంటించి రంగు చల్లి ఆ చారల గిటార్ తయారుచేసుకున్నాడు. తర్వాత పదేళ్ళు కంపెనీలన్నీ దాని నకళ్ళే అమ్ముకున్నాయి. అతని తర్వాత గిటార్ పట్టిన కుర్రాడి చేతులే కాదు, చేతిలో ఉన్న గిటార్ కూడా మారిపోయింది. నా ఓటు అందుకు.

ఇంకొక కారణం కూడా ఉంది. 'పనామా' పెట్టుకోండి, 1984లోది. సోలో వచ్చేసరికి ఆపేసి మళ్ళీ మొదటికి రండి. పాటగాడి గొంతు వెనకాల గిటార్‌ని మాత్రం పట్టుకుని వినండి. తమ్ముడు ఎడ్డీ గిటార్, అన్న అలెక్స్ డ్రమ్ములు. చిన్నప్పట్నుంచీ ఒకే ఇంట్లో వాయించుకున్న ఇద్దరు. ఆ రిథమ్ కొంచెం ముందుకి తూలుతున్నట్టుండి, పడకుండా మళ్ళీ దెబ్బ మీదకి వచ్చేస్తుంది. స్పీడు నేర్చుకున్నవాళ్ళు లోకంలో వేలమంది ఉన్నారు. ఆ తూగు పట్టుకున్నవాళ్ళు నాకైతే పెద్దగా తగల్లేదు. బావగారికి 'ఎరప్షన్' వస్తే సంతోషం. 'పనామా' రిథమ్ మొదటి నుంచి చివరి దాకా వాయించగలరేమో అడగండి. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడగండి.

ఇప్పుడు మీ గిల్మోర్. 'వేళ్ళు తిరగనివాళ్ళకి స్లో సోలోలు' అన్న బావగారి మాట పచ్చి అబద్ధం. నిదానంగా వాయించేటప్పుడు దాక్కోవడానికి చోటుండదు. మీరు నేర్చుకుంటున్నారు కాబట్టి మీకే తెలియాలి. తీగని ఫ్రెట్ మీద పక్కకి లాగి పై స్వరానికి తీసుకెళ్ళినప్పుడు, వీసమెత్తు తక్కువైనా వినేవాడికి పంటికింద రాయి. వీణ మీద గమకం పలికించేవాళ్ళు చేసేదీ అదే పని, తీగని లాగి కింది మెట్టు మీదే పై స్వరం పుట్టించడం. మీ ఇంట్లో ఎవరైనా వీణ నేర్చుకున్న పెద్దవాళ్ళుంటే వాళ్ళకి గిల్మోర్‌ని వినిపించండి. రాక్ అంటే చెవులు మూసుకునేవాళ్ళు కూడా ఆ లాగుడు దగ్గర తల తిప్పి చూస్తారు. గిల్మోర్ ఒక్కో చోట రెండు స్వరస్థానాలు కాదు, నాలుగైదు అర్ధస్వరాలు పైకి లాగి, అక్కడ ఆపి, వణికించి వదులుతాడు. శ్రుతి చెక్కుచెదరదు.

మీకూ ఒక చురక. 'ఫీల్' అనే మాట వెనక మీరు దాక్కుంటున్నారు. 'కంఫర్టబ్లీ నంబ్' (1979) చివర వచ్చే సోలో గుండెలోంచి ఒక్క ఊపులో పొంగుకొచ్చిందని మీ నమ్మకం అయ్యుండొచ్చు. గిల్మోర్ ఐదారు సార్లు వాయించి, అన్నీ విని, ఏ టేకులో ఏ ముక్క బాగుందో కాగితం మీద గుర్తులు పెట్టుకుని, ఆ ముక్కల్ని కలిపి ఒకటి చేశాడు. మన రచయితలు చిత్తుప్రతి దిద్దినట్టే. ఫీల్ అంటారా, ఉంది. దాని వెనక ఎర్రసిరా దిద్దుబాటూ ఉంది. ఇక గిల్మోర్ గొప్పదనం సోలోలోనే ఉందనుకుంటే 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' (1975) ఏమవుతుంది? అతను మీటిన నాలుగంటే నాలుగు స్వరాలు విని అతని బ్యాండ్‌లోని రోజర్ వాటర్స్‌కి పాట తట్టింది. ఆ నాలుగు స్వరాలకి వేళ్ళు తిరగక్కర్లేదు. తట్టాలి, అంతే. ఈ సోలోలన్నీ వాయించిన అతని నల్ల స్ట్రాటోకాస్టర్ 2019లో న్యూయార్క్ వేలంలో 39 లక్షల 75 వేల డాలర్లకి పోయింది. ఆ వేలం డబ్బంతా పర్యావరణం కోసం పనిచేసే సంస్థకి ఇచ్చేశాడు. ఇది గిటార్ వాదనలో పాయింటు కాదనుకోండి, చెప్పాలనిపించింది.

సోలోలతో పనిలేని గొప్పవాళ్ళ సంగతి మీ భోజనాల దగ్గర ఎప్పుడైనా వచ్చిందా? ఏసీ/డీసీ బ్యాండ్‌లో అందరి కళ్ళూ బడి యూనిఫారం వేసుకుని గెంతే ఆంగస్ యంగ్ మీదే. అతని అన్న మాల్కమ్ వెనక నిలబడి, పాటంతా తన చేతుల మీద మోసేవాడు. 'బ్యాక్ ఇన్ బ్లాక్' (1980) మొదటి మూడు దెబ్బలు వినండి, వాటి మధ్య ఖాళీని కూడా వినండి. ఆ ఖాళీ కూడా వాయింపే. కీత్ రిచర్డ్స్ అయితే ఆరో తీగనే పీకేసి, మిగతా ఐదింటినీ ఓపెన్ జి శ్రుతికి మార్చుకుని, తన బ్యాండ్ రోలింగ్ స్టోన్స్‌కి 'బ్రౌన్ షుగర్' లాంటి రిఫ్‌లు కట్టాడు. ఉన్న తీగ తీసేసి గొప్పవాడైన మనిషిని స్పీడుతో ఎలా కొలుస్తారు?

నాకు అందరికన్నా ఇష్టమైన కథ బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీది. ఇది కాస్త వివరంగా చెప్పనివ్వండి. బర్మింగ్‌హామ్ కుర్రాడు, 17 ఏళ్ళు, రేకుల ఫ్యాక్టరీలో పని. బ్యాండ్‌తో టూరు వెళ్ళాలని ఉద్యోగం మానేస్తున్నాడు. అదే ఆఖరి రోజు. ఆ రోజే యంత్రంలో చెయ్యి పడి కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు చివర్లు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, అంటే ఫ్రెట్‌లు నొక్కాల్సిన చెయ్యే అది. ఇక గిటార్ లేదని కుంగిపోయి ఉంటే, ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. జాంగో రైన్‌హార్ట్ అనే జాజ్ గిటారిస్టుది. అగ్నిప్రమాదంలో చెయ్యి కాలి, రెండు వేళ్ళతోనే సోలోలు వాయించిన మహానుభావుడు. అయోమీ ఇంటికెళ్ళి గిన్నెలు తోముకునే లిక్విడ్ ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్ళకి సరిపోయే తొడుగులు చేసుకుని, జారకుండా వాటి మీద తోలు ముక్కలు అంటించుకున్నాడు. తొడుగుల్లోంచి తీగ స్పర్శ తెలియదు, మామూలు తీగలు నొక్కితే నొప్పి. అందుకని బాంజో తీగల్లాంటి సన్నవి వేసుకున్నాడు. తర్వాత శ్రుతే దించేశాడు. 1971 నాటి మూడో ఆల్బంకి వచ్చేసరికి మూడు అర్ధస్వరాల కిందకి.

నిండు కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) పట్టుకోవడం కష్టం కాబట్టి అతను రెండు స్వరాల మీదే ఎక్కువ ఆధారపడ్డాడు: స, ప. గాంధారం లేదు. మన తంబురా శ్రుతి లాగే ఏ రాగానికైనా ఒదిగే జంట అది. గాంధారం లేకపోవడం వల్ల డిస్టార్షన్ (శబ్దంలోని గరగర) ఎంత పెంచినా శబ్దం చిక్కుపడదు, కొండలా నిలబడుతుంది. దించిన శ్రుతి, సడలిన తీగలు, స-ప జంట, యాంప్ గర్జన. బ్లాక్ సబ్బాత్ శబ్దం అదే. హెవీ మెటల్ అంతా అందులోంచే పుట్టుకొచ్చింది. అయోమీ సోలోలు కూడా బాగుంటాయి. కానీ అవి తీసేసినా అతని స్థానం అంగుళం కదలదు.

హెండ్రిక్స్ నాకెందుకు మొదటివాడో కూడా ఇందులోనే ఉంది. 1967లో మాంటెరీలో గిటార్‌ని తగలబెట్టడం, పళ్ళతో వాయించడం అందరికీ తెలుసు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఆఖరి ఉదయం, సగానికి పైగా జనం ఇళ్ళకి వెళ్ళిపోయాక, అమెరికా జాతీయగీతాన్ని గిటార్ మీద వాయిస్తూ మధ్యలో బాంబుల మోత, విమానాల రొద పలికించడమూ తెలుసు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. ఇవన్నీ గొప్పవే. మీరు మాత్రం 'లిటిల్ వింగ్' వినండి, రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. లిటిల్ రిచర్డ్, ఐస్లీ బ్రదర్స్ లాంటివాళ్ళ వెనక రిథమ్ వాయించి తిన్న దెబ్బలన్నీ ఆ పాటలో పనికొచ్చాయి. బొటనవేలిని మెడ మీంచి తిప్పి ఆరో తీగ మీద మంద్రం పట్టుకుంటాడు. దాంతో మిగతా వేళ్ళు ఖాళీ అవుతాయి. వాటితో కార్డూ, కార్డు చుట్టూ చిన్న చిన్న సంగతులూ. ఎక్కడ రిథమ్ ఆగిందో, ఎక్కడ లీడ్ (సోలో తరహా వాయింపు) మొదలైందో గీత గీయలేరు. కుడిచేతి వాటం గిటార్‌ని తిరగేసి తీగలు మార్చుకుని వాయించిన ఈ మనిషి 27 ఏళ్ళకే పోయాడు. పేరు తెచ్చుకున్నాక బతికింది నాలుగేళ్ళు కూడా లేదు.

స్పీడంటే నాకు చిన్నచూపని బావగారు అనుకోకూడదు. ఆయన్ని జాన్ మెక్లాఫ్లిన్ దగ్గరికి పంపండి. 1970ల మొదట్లో మహావిష్ణు ఆర్కెస్ట్రాతో రాక్ స్టేజీల మీద మెరుపులు కురిపించి, వీణ కూడా నేర్చుకుని, తర్వాత 'శక్తి' బృందం పెట్టి మన సంగీతకారులతో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తర్వాత వచ్చిన 'రిమెంబర్ శక్తి'లో అతని పక్కన మాండొలిన్ వాయించింది మన పాలకొల్లు శ్రీనివాస్. ఇద్దరూ ఒకరి సంగతికి ఒకరు జవాబు చెప్పుకునే ఘట్టాలు వెతుక్కుని వినండి. అంత వేగంలోనూ మెక్లాఫ్లిన్ తలెత్తి శ్రీనివాస్ వైపు చూస్తూ, ఆయన ఏమన్నాడో విని, దానికే బదులిస్తాడు. మీ భోజనాల దగ్గర వాదనకి లేనిది అదే.

ఇక ఇంటి గొడవ. బావగారి మాట గిల్మోర్‌కి తగల్లేదు, మీకు తగిలింది. కొత్తగా నేర్చుకుంటున్న బావమరిదిని, పదిమంది ముందు, 'వేళ్ళు తిరగనివాడు' అన్నారు. మీకు నొచ్చింది అక్కడ. ఆ సంగతి ఆయనతో సూటిగా చెప్పండి, గిల్మోర్‌ని అడ్డం పెట్టుకోకుండా. బావా బావమరుదుల మధ్య వేళాకోళం ఎటూ ఉంటుంది, అది పోతే ఇంట్లో పండగ కళే ఉండదు. కానీ హద్దెక్కడో పెద్దవాడిగా ఆయనకి తెలియాలి. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? ఫోన్లో వద్దు. ఇంటికెళ్ళండి, ఆదివారం పొద్దున్నే, గిటార్ పట్టుకుని. 'బావా, నా గురించి అన్నది బాలేదు. నేను ఎడ్డీ గురించి అన్నది కూడా బాలేదు' అంటే చాలు. ఆయన అందుకోకుండా ఉండరు. గిటార్ వాయించేవాడికి గిటార్ గురించి మాట్లాడే మనిషి ఇంట్లో దొరకడం మామూలు అదృష్టం కాదని ఆయనకీ తెలుసు. అక్క సంగతి వేరు. ఆమె కొడుకు అన్నప్రాశన మీ ఇద్దరి పంచాయితీతో గడిచిపోయింది. దానికి ఇద్దరూ విడివిడిగా క్షమాపణ చెప్పుకోవాలి, అందులో ఎడ్డీ పేరూ గిల్మోర్ పేరూ రాకూడదు.

చివరగా ట్యాపింగ్. నేర్చుకోండి, తప్పేముంది? బయటికి కనిపించేంత కష్టమూ కాదు. మొదటి తీగ మీద కుడి వేలితో 12వ ఫ్రెట్ కొట్టి వదలండి, ఎడమ చేత్తో 5, 8 పలికించండి. ఎ మైనర్ వచ్చేస్తుంది. కష్టమల్లా మిగతా తీగలు గుంయ్ మనకుండా అరచేత్తో నొక్కిపట్టడం. నోరు మూయించడానికైతే మాత్రం దండగ, ఆయన అందులో మీకన్నా చాలా ఏళ్ళు ముందున్నారు. మీరు 'పనామా' రిథమ్ నేర్చుకుని వెళ్ళండి. సోలో ఆయన్ని వాయించమనండి. మెట్రోనోం (టకటకమని లయ కొట్టే పరికరం) పెట్టుకుని, అసలు వేగంలో సగంతో మొదలుపెట్టి, తడబాటు లేకుండా నాలుగుసార్లు వస్తేనే వేగం పెంచండి. ఇంకొకటి, ఆ రికార్డులో తీగలన్నీ అరస్వరం దించి ఉంటాయి. మీరూ దించుకోకపోతే ఎంత సరిగ్గా వాయించినా పాటతో కలవదు.